గోవా నుంచి కార్వార్‌కు మూడు రోజులు

మా ఆయన మహేశ్వర్ మోసగాడు కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. మోసగాడైతే నాకింత కోపం వచ్చేది కాదు, నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని.

మాది గద్వాలలో నేత ఇల్లు. మూడేళ్ల కిందట చీరల ఎగ్జిబిషన్‌కని హైదరాబాద్ పోయి, సాయంత్రం హుస్సేన్‌సాగర్ గట్టున కూర్చున్నప్పుడు తెరచాప పడవలు చూశాం. ఇంజన్ చప్పుడు లేదు. ఉత్త గుడ్డ, గాలి. "గుడ్డ మన చేతిల పనే గదా, మనమూ నేర్సుకుందమా?" అన్నది నేనే. మా ఆయన నవ్వాడు గానీ కాదనలేదు. ఎనిమిది ఆదివారాలు తెల్లవారకముందే లేచి పోయి నేర్చుకున్నాం. రెండు తాళ్లను కలిపే ముడి చూపించి మాస్టారు "ఇది ఒక పట్టాన రాదు" అంటే నాకు నవ్వాగలేదు. పోగు తెగినప్పుడల్లా నేను వేసే ముడే అది.

ఆ తర్వాతి మెట్టు సముద్రం. గోవాలో పడుకునే గది, పొయ్యి ఉన్న పడవను మూడు రోజులకు కిరాయికిస్తారు. మనతో కెప్టెన్ ఉంటాడు, నడపాల్సింది మాత్రం మనమే. బాగా నడిపామనుకుంటే ఆయన మన లాగ్‌బుక్‌లో, అంటే ప్రయాణాలు రాసుకునే పుస్తకంలో, సంతకం పెడతాడు. ఆ సంతకం ఉంటేనే పై కోర్సులో చేర్చుకుంటారు. అదీ పూర్తయితే కెప్టెన్ లేకుండా పడవ మన చేతికిస్తారు. నాకు ఆ సంతకం కావాలి. నా పేరు మీద ఒక్క కాయితమన్నా ఉండాలని నాకు పిచ్చి పట్టింది, దాచడమెందుకు.

"ఇద్దరం పోదం, ఇద్దరం నడుపుదం," అని మా ఆయన మాటిచ్చాడు.

ప్లాను నేనే వేశాను. నాలుగు నెలలు పట్టింది. పొద్దంతా మగ్గం, మధ్యలో దొరికిన గంట సముద్రపు పటం. కొత్తవాళ్లం కాబట్టి రోజుకు ఐదు గంటలకు మించి ప్రయాణం పెట్టలేదు. మొదటి రోజు బేతుల్, రెండో రోజు పాలోలెం, మూడో రోజు కార్వార్. పొద్దుండగానే లంగరు వేయాలి. గాలి పెరగకముందే తెరచాప తగ్గించాలి. నీళ్ల లోతుకు ఐదింతల గొలుసు వదలాలి. అనుకున్న చోట ఆగడానికి వీల్లేకపోతే ఇంకెక్కడికి పోవాలో అదీ రాసుకున్నాను. మా ఆయన భుజం మీద నుంచి తొంగి చూసి "అబ్బ, పెద్ద ఆఫీసరువే నువ్వు" అనేవాడు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

పోయిన గురువారం గాలి లెక్కలు చూద్దామని ఆయన ఫోను తీస్తే, పడవవాళ్లు పంపిన కాయితం కనబడింది. నడపడం నేర్చుకునేవాళ్లు ఇద్దరు: మహేశ్వర్, శ్రీనాథ్. కింద విడిగా, సహాయకురాలు: అలివేలు. అలివేలంటే నేనే. సహాయకులకు సంతకం ఉండదు. శ్రీనాథ్ అంటే మా ఆయన దోస్తు, వనపర్తిలో సెల్‌ఫోన్ల దుకాణం. రెండు ఆదివారాలు క్లాసుకొచ్చి ఎండకు తట్టుకోలేక మానేసిన మనిషి.

ఫోను తీసుకుపోయి మగ్గం మీదున్న ఆయన ముందు పెట్టాను.

"ఏంది గిది?"

ఆయన చూశాడు. మొహంలో తప్పు చేసిన జాడ లేదు. "శ్రీనాథ్‌కు జర షోకు పుట్టింది. సీట్లు రెండే ఉన్నయి. నువ్వు ఎట్లయినా పడవల ఉంటవు గదా, పేరు యాడుంటే ఏంది?"

"మరి సహాయకురాలని ఎందుకు రాసినవ్?"

"ఇంట్ల గూడ గంతే గదా?"

అవును, ఇంట్లో కూడా అంతే. గద్వాల చీరకు ఇద్దరు మనుషులు కావాలి. ఆయన మగ్గం మీద కూర్చుంటే నేను పక్కన కూర్చుని అంచు దారం చుట్టిన నాడెను అటు నుంచి ఇటు వేస్తాను. నేను వేయకపోతే చీర బెత్తెడు కూడా సాగదు. అయినా పక్కన కూర్చున్న మనిషిని మావాళ్లెవరూ నేతగాళ్లలో లెక్కపెట్టరు. నేతగాళ్లకు సర్కారిచ్చే కార్డు రాయడానికొచ్చినాయన నన్ను చూపించి "ఈమె?" అంటే, మా ఆయన "సాయం చేస్తది సార్" అన్నాడు. పన్నెండేళ్ల కిందటి మాట. అప్పుడు నాకూ అది తప్పుగా తోచలేదు. ఆ అలవాటునే ఆయన సముద్రం దాకా మోసుకొచ్చాడు.

ఇంతలో ఫోను మోగింది. పడవ కెప్టెన్, విశాఖపట్నం మనిషి. మా ఆయన స్పీకర్ పెట్టాడు.

"మహేశ్వర్ గారూ, మీరు పంపిన ప్లాను చూశానండీ. కొత్తవాళ్లు ఇంత బాగా వేయడం నేను చూడలేదు. మీరే వేశారా?"

ఆయన నా వైపు చూశాడు. "అవ్ సార్," అన్నాడు.

అది కూడా నా ఎదురుగానే.

"సరే, ఒక్క ప్రశ్న. పాలోలెంలో అలలు లేచి లంగరు నిలవలేదు. పొద్దు గూకింది. ఏం చేస్తారు?"

మా ఆయన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి "చెప్పవే, జల్ది," అన్నాడు. నేను ఫోను లాక్కున్నాను.

"ఎరగని రేవులకు చీకట్ల పోము సార్. ఒడ్డుకు దూరంగ లోతు నీళ్లలకు పోయి, తెరచాప తగ్గించి, తెల్లారేదాక ఆడనే ఉంటం. తెల్లారినంక కార్వార్ పోతం. నా పేరు అలివేలు. ప్లాను నేనేసిన."

కెప్టెన్ వెంటనే అడిగాడు: "మరి మీ పేరు సహాయకుల్లో ఎందుకుందమ్మా? సాయంత్రం దాకా మార్చుకోవచ్చు. మహేశ్వర్ గారూ, ఏమంటారు? ఈవిడ పేరు పైన రాయమంటారా?"

నేను మా ఆయన మొహమే చూస్తున్నాను. ఒక్క "ఊ" అంటే చాలు, అన్నీ మరిచిపోయేదాన్ని.

"శ్రీనాథ్‌కు మాటిచ్చిన సార్," అన్నాడు ఆయన. "ఇప్పుడు మారిస్తే బాగుండదు."

నాకిచ్చిన మాట ఆయనకు గుర్తు కూడా రాలేదు. కోపం కాదు, ఏడుపొచ్చింది. కానీ ఏడవలేదు.

"నా పేరు కింద నుంచి గూడ కొట్టెయ్యండి సార్. నేను వస్తలేను," అని ఫోను పెట్టేశాను.

మా ఆయన మగ్గం దిగి వచ్చాడు. అప్పుడు నిజంగానే గాబరా పడ్డాడు. నా చెయ్యి పట్టుకుని అడిగాడు:

"గట్లంటే ఎట్లనే? మరి పడవల వంట ఎవలు చేస్తరు?"