కాలువ దాటిన ఇంటర్నెట్టు

మణిశంకర్ దగ్గర విండోస్ అన్న మాట ఎత్తకూడదు. ఎత్తారా, వచ్చిన పని మరిచిపోవాల్సిందే. భీమవరం దగ్గర కాలువగట్టు మీద అతనికొక నెట్ సెంటర్ ఉండేది. మెయిల్ చూసుకుందామని వచ్చినవాళ్ళు మెయిలు సంగతి దేవుడెరుగు, ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా ఉండాలో, ఎలా ఉండకూడదో విని ఇంటికి పోయేవారు.

"అదొక ఆపరేటింగ్ సిస్టమా అండీ? పని మధ్యలో మొహం నీలంగా పెట్టి నిలబడిపోద్ది. ఆపి మళ్ళీ వెయ్యమంటారు. మీ ఇంట్లో ఫ్యాను రోజూ అలాగే వేస్తున్నారా? నా షాపులో అన్నీ లైనక్సే. వైరస్ రాదు, ఆగమన్నా ఆగదు."

అబద్ధమేమీ కాదు. ఆ షాపులో కంప్యూటర్లు ఏనాడూ ఆగలేదు. ఆగనిది జనమే, గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయేవారు.

రెండువేల అయిదు వేసవికి భార్య ఉమాశ్రీకి ఓపిక అయిపోయింది. "ఎంసెట్ రిజల్ట్స్ రోజున షాపు కిటకిటలాడాలండీ. లేదా మూసేసి, కాకినాడలో మా అన్నయ్య చూసిన ఉద్యోగంలో చేరండి. అక్కడ పొద్దస్తమానం విండోసేనట. తర్వాత నన్ననద్దు" అంది.

కిటకిటలాడాలంటే నెట్టు ఉండాలిగా! టెలిఫోన్ వాళ్ళ బ్రాడ్‌బ్యాండు కాలువ అవతలి గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఇవతల మిగిలింది ఫోనులో కుయ్యోమని కేకలు పెట్టి, సగం పేజీ చూపించి పడుకునే పాత కనెక్షనే.

అవతలి గట్టున ఉన్నది శ్రీనివాసరాజు. రొయ్యల చెరువులు చేస్తాడు. మణిశంకర్‌కీ అతనికీ బళ్ళో ఒకే బెంచీ. రొయ్యల రేట్లు చూసుకోవడానికి బ్రాడ్‌బ్యాండు పెట్టించాడు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, విండోస్ మనిషి. రోజూ సాయంత్రం టీ తాగుతూ ఇద్దరూ దాని మీదే కొట్టుకునేవారు.

"మిషను వేస్తే నాకు రేటు కనపడాలి పంతులూ. నల్ల తెర మీద అక్షరాలు కొట్టుకుంటూ కూర్చోడానికి నేనేమన్నా టైపు పరీక్షకెళ్తన్నానా?" అనేవాడు రాజు.

ఏటా చేసినట్టే ఏప్రిల్ నెలాఖరున నీళ్ళు ఆపేసి కాలువ కట్టేశారు. అడుగు ఎండి, నెర్రెలిచ్చింది. అది చూడగానే మణిశంకర్‌కి ఆలోచన తట్టింది. సన్నటి పైపులో నెట్‌వర్క్ కేబుల్ పెట్టి కాలువ అడుగున పూడ్చేస్తే రాజు లైను తన షాపుకి వచ్చేస్తుంది. దూరం కూడా ఆ కేబుల్ పనిచేసే వంద మీటర్లలోపే.

"వాడుకోరా, అడగాలా?" అన్నాడు రాజు. "కానీ లైను నా మిషనులోంచే పోవాలి. దాంట్లో నీ లైనక్స్ పెంగ్విన్ని దూర్చావంటే మాత్రం ఊరుకోను. అయినా ఇప్పుడు గాల్లోంచి వచ్చేవి ఉన్నాయంటగా, ఈ తవ్వుడెందుకు?"

"కొబ్బరాకు అడ్డొస్తే ఆగిపోయేదీ ఒక నెట్‌వర్కేనా? తీగంటే తీగే!"

తన షాపు నెట్టు విండోస్ లోంచి రావడమా! మణిశంకర్‌కి చేదు మింగినట్టయింది. మింగాడు. కాలువ కాపలా చూసే లస్కరు సత్తియ్య అటూ ఇటూ చూసి, "నేను చూళ్ళేదు బాబూ, తొందరగా పూడ్చేయండి" అన్నాడు. పూడ్చేశారు. షాపులో పేజీలు టపీటపీమని తెరుచుకుంటుంటే మణిశంకర్ పిల్లాడిలా గంతులేశాడు. ఎంసెట్ ఫలితాలు ఇక్కడే చూడవచ్చునని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా కాగితాలు అంటించి వచ్చాడు.

ఫలితాలు వారం ఉన్నాయనగా నెట్టు చచ్చిపోయింది.

మణిశంకర్ ఎండిన కాలువలో అడ్డంపడి రాజు ఇంటికి పరుగెత్తాడు. "నేను చెప్తే విన్నావా? నీ విండోస్ కొండెక్కింది."

"నాకు రేట్లు వస్తన్నాయిగా! నీ లైనక్సే పోయింది."

"నీ డబ్బా నీ ఒక్కడికే పెడుతుంది, పక్కవాడికి వడ్డించదు. అది కొన్నవాడికి బుద్ధుండాలి."

రాజు మొహం ఎర్రబడింది. "నా ఇంట్లో నిలబడి నన్నంటావా? నీ తిక్కకి నీ షాపులో ఈగలు కూడా వాలట్లేదు. ముందది చూసుకో."

ఆ మాట మణిశంకర్‌కి బాగా తగిలింది. వెనక్కి వచ్చేశాడు. వారమంతా షాపులో మిషన్లు విప్పాడు, బిగించాడు, సెట్టింగులన్నీ తిరగరాశాడు. ఏమీ లాభం లేకపోయింది. సాయంత్రం టీ ఒక్కడే తాగాడు, సగం పారబోశాడు. కాలువ కట్టేశాక ఆ అడుగంతా క్రికెట్ గ్రౌండే కదా, పెద్దాళ్ళ టోర్నమెంటు జరుగుతోంది. కెప్టెన్ శ్రీనివాసరాజు కేకలు షాపు దాకా వినిపిస్తున్నాయి. మణిశంకర్ అటు తిరిగి చూడలేదు.

తెల్లారితే ఫలితాలనగా మధ్యాహ్నం సత్తియ్య సైకిల్ మీద గట్టంతా అరుచుకుంటూ వచ్చాడు. "ధవళేశ్వరంలో నిన్ననే నీళ్ళొదిలేశారండోయ్! సాయంత్రానికి ఇక్కడికొచ్చేత్తాయి!"

మణిశంకర్ సొరుగు లాగాడు. ఎవరో కస్టమర్ మరిచిపోయి వెళ్ళిన విండోస్ సీడీ తీసి ఒక కంప్యూటర్లో వేశాడు. విండోస్‌తో విండోస్ అయినా మాట్లాడుతుందేమో! షాపు నిలబడితే చాలు. రాజుతో మాట్లాడడానికి ఒక వంక దొరికినా చాలు. విండోస్ ఎక్కింది. నెట్టు రాలేదు. అతనికి ఏడుపొచ్చింది, నిజంగానే.

"పంతులూ..."

గుమ్మంలో రాజు. చేతిలో క్రికెట్ స్టంపు. దాని ఇనప మొనకి నీలం తొడుగు ముక్క, రెండు రాగి పోగులు చుట్టుకుని ఉన్నాయి.

"వారం కిందట ఎండ మండిపోతందని పిచ్‌ని నీడలోకి జరిపాంరా. మిడిల్ స్టంపు నేనే కొట్టాను, సుత్తెతో. నీళ్ళొస్తన్నాయని ఇప్పుడు పీకితే ఇదిగో..."

మణిశంకర్ నోరు తెరిచాడు. తిట్టడానికే. కానీ వారం రోజులు రెండు కంప్యూటర్లనీ అనరాని మాటలన్నీ అన్నాడు తప్ప, కేబుల్ ఎలా ఉందో ఒక్కసారైనా తవ్వి చూశాడా? తీగల గురించి ఊరందరికీ క్లాసు పీకే మనిషి! "పద, పద" అని లేచాడు.

గట్ల మీద ఆడవాళ్ళు పసుపు కుంకుమలతో, కొబ్బరికాయలతో కొత్తనీటి కోసం చేరుతున్నారు. వీళ్ళిద్దరూ కాలువ మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని పైపు కోశారు. గట్టు దగ్గర చుట్టి ఉంచిన మిగులు కేబుల్ లాగారు. మణిశంకర్ నారింజకి నారింజ, పచ్చకి పచ్చ పోగులు కలిపాడు. చెరువులో మోటారు వైర్లకి నీళ్ళలో కట్టే కట్టు రాజుకి కొట్టిన పిండి. రబ్బరు బిగించి చుట్టి, పైపు అతికించాడు.

"నీళ్ళ తల కనపడతందండీ, పైకొచ్చేయండి!" సత్తియ్య గావుకేక పెట్టాడు.

ఎర్రనీళ్ళు చీలమండలు తాకేసరికి ఇద్దరూ చేతులతోనే మట్టి కప్పేస్తున్నారు. గట్టు మీంచి విసిరిన కుంకుమ సగం నీళ్ళలో, సగం వాళ్ళ నెత్తిన పడింది.

షాపులో ఉమాశ్రీ మీట నొక్కింది. పేజీ తెరుచుకుంది. "వచ్చిందండీ!" అని ఆవిడ చప్పట్లు కొట్టింది. రాజు మాత్రం ఆ తెరకేసి కళ్ళు చికిలించి చూస్తున్నాడు.

"ఇదేంట్రా? ఇది విండోస్ కదూ?"

"రేపొచ్చేవాళ్ళు అలవాటైందే అడుగుతారుగా. అన్నిట్లోనూ వేసేస్తాను. నువ్వు చెప్పిందే నిజంలే రాజూ."

"తీసెయ్" అన్నాడు రాజు.

"ఎందుకురా?"

"తీసెయ్యమంటంటే! వారంరోజులు నాతో పోట్లాడేవాడు లేక పిచ్చెక్కిపోయింది. రొయ్య రేటు పెరిగినా సరదా లేదు. నువ్వు కూడా నాలాగే అయిపోతే నేనింకెవణ్ణి తిట్టుకోవాలిరా? రేపు జనం సంగతి నేను చూసుకుంటాను."

మణిశంకర్ కళ్ళు తుడుచుకుని, తన లైనక్స్ సీడీ కోసం వెతికాడు.

మర్నాడు షాపు ముందు గట్టంతా జనమే. శ్రీనివాసరాజు గుమ్మంలోనే నిలబడ్డాడు. వచ్చిన ప్రతివాణ్ణీ కుర్చీలో కూర్చోబెట్టి, లైనక్స్‌లో ఎక్కడ నొక్కాలో వేలు పెట్టి చూపిస్తూ, అదెంత పనికిమాలిందో కూడా పొద్దుగూకేదాకా చెబుతూనే ఉన్నాడు.