సీలు వేసిన పెట్టె

సమాధుల పండగనాడు వేములలోని మా క్రైస్తవుల శ్మశానంలో అందరూ కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా అత్త సమాధికి వెలిగిస్తాను, మరిది సమాధికి వెలిగిస్తాను. జీవన్ కుమార్ అని పేరు చెక్కిన బండకు మాత్రం నాలుగేళ్లుగా ఒక్కటీ వెలిగించలేదు. నా కొడుకు మిలిటరీలో ఉండి, శాంతి సైన్యంతో సూడాన్ దేశం పోయి, అక్కడ బండి వాగులో పడి చనిపోయాడన్నారు. సీలు వేసిన పెట్టె తెచ్చి, తెరవొద్దన్నారు. మొహం చూపించకుండా మట్టి వెయ్యమంటే వేశాం. అందులో ఉన్నది నా బిడ్డేనని నేనెట్లా నమ్మేది? వేరే ఎవరినో మార్చి పంపారేమో, వాడు ఏ ఆసుపత్రిలోనో ఉన్నాడేమో. మా ఆయన నతానియేలుకేం, ఎవరేం చెప్పినా తలూపుతాడు.

ఈ ఏడు మేము సున్నం బకెట్‌తో పోయేసరికి ఆ బండ దగ్గర ఎవరో నిలబడి ఉన్నాడు. గడ్డం, చేతిలో టోపీ, నలభై ఏళ్లుంటాయి. నాకు ఒళ్లు మండింది. కిందటేడు ఒక పార్టీ లీడరు ఇట్లాగే వచ్చి, నా పక్కన ఏడుపు మొహంతో ఫోటో దిగి ఫ్లెక్సీలో వేసుకున్నాడు.

“యాడోనివప్పా? ఏం కావల్ల నీకు?” అన్నాను.

“పొద్దుటూరమ్మా. అలీ అహ్మద్ అంటారు. జీవన్‌తో పాటు ఆడ పనిచేసినా. పోయిన నెలే రిటైరై వచ్చినా.”

“నాలుగేండ్లకు గుర్తొచ్చినాడా నీకు?”

అతను తల దించుకున్నాడు. వీడేదో దాస్తున్నాడు అనుకున్నాను.

“ఊరుకో సంతోషమ్మా, బిడ్డ స్నేహితుడు గదా” అన్నాడు మా ఆయన.

“నువ్వు గమ్మునుండి సున్నం కలుపు.” అలీ అహ్మద్ వైపు తిరిగాను. “నా కొడుక్కు ఎడం చెయ్యి చిటికెనేలికి గోరు ల్యాకుండె. ఎందుకో చెప్పినాడా?”

“ఎడం చెయ్యి కాదమ్మా, కుడి చెయ్యి. ఉంగరమేలు. సెలవుల్లో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి పనికి పోతే బండ పడిందంట.”

నేను కావాలనే తప్పు చెప్పాను, అతను సరిగ్గా దిద్దాడు. అయినా వదల్లేదు.

“బతికుండంగ చూసింటావులే. దాంట్లో ఏముంది?”

“లేదమ్మా. కడిగేటప్పుడు ఆ ఏలు చూసే గుర్తుపట్టినా. మొగం గుర్తుపట్టేట్టు ల్యాకుండె. మీవాళ్లు ఎవురూ ల్యాకుంటే నేనే నీళ్లు పోసినా. పెట్టెలో పండబెట్టేటప్పుడు, మా ముస్లింల అలవాటు కొద్దీ మొగం కుడిపక్కకు తిప్పినా. మీరు ఆకాశం దిక్కు పెడతారని సీలు వేసినాక తెలిసింది. మీ బిడ్డకు తప్పు చేస్తినే అని, లీవులో వచ్చినా మీ గడప తొక్కలేకపోయినా. క్షమించమని అడిగేదానికే వచ్చినా.”

నా బిడ్డకు చివరి నీళ్లు పోసినవాణ్ని నేను దొంగను చూసినట్టు చూశాను. ఎక్కడో ఉన్నాడులే అని నాలుగేళ్లు దాచుకున్న ఆశ అక్కడే పోయింది. మట్టిలో కూలబడి ఏడ్చాను. పెట్టె వచ్చిన రోజు కూడా అంత ఏడవలేదు.

కొంతసేపటికి మా ఆయన కొవ్వొత్తి తెచ్చి బండ నడుమ పెట్టబోయాడు. చేతిలోంచి లాక్కున్నాను.

“కుడిపక్కంటే యా పక్క నాయనా? చూపియ్యి.”

“తల శిలువ దిక్కుంది గదమ్మా. అట్లయితే ఈ పక్క.”

అక్కడ మట్టి చదును చేసి కొవ్వొత్తి వెలిగించాను. గాలికి ఆరిపోకుండా అలీ అహ్మద్ టోపీ అడ్డం పట్టాడు. లేచి అవతలికి పోకుండా, నా బిడ్డ మొహానికి ఎదురుగా అక్కడే కూర్చున్నాను.