యాకోబు గారి కొత్త డిగ్రీ

అన్నం తినే బల్ల మీద కీబోర్డు ఉండకూడదని నేను, ఉంటే ఏమవుతుందని మా అత్తగారు. పొద్దున్నే టిఫిన్ దగ్గర మొదలైంది.

"పళ్లేలకి చోటు లేదండీ, అత్తయ్యగారూ."

"నీ పళ్లెం అటు జరుపుకో అమ్మాయ్. ఒళ్లో పెట్టుకుంటే నాకు వేళ్లు సరిగ్గా పడవు."

మావారు అనిల్ కుమార్ ఉప్మాలోంచి తలెత్తకుండా తీర్పు చెప్పారు. "ఎవరికీ వద్దు. పాత సామాన్ల బండి వస్తే ఇచ్చేస్తాను."

అత్తగారు కీబోర్డు మీద చీరచెంగు కప్పేశారు.

తాడేపల్లిగూడెంలో మాకు కింద ఫ్లెక్సీల షాపు, పైన ఇల్లు. షాపులోని వైర్‌లెస్ కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయాయని మావారు మొన్న కొత్తది కొని, పాతది పైకి తెచ్చి పడేశారు. అత్తగారు దేవకుమారి గారు పెళ్లికి ముందు ఏలూరులో టైపు నేర్చుకుని లోయరు పాసయ్యారు. ఉద్యోగం రాలేదు, సంబంధం వచ్చింది. మళ్లీ మిషను ముట్టుకోలేదు. అక్షరాలు అరిగితే ఆవిడకేం? చూసి కొట్టేవాళ్లకి కదా అక్షరాలు కావలసింది! కంప్యూటరు లేకపోయినా దాని మీద టకటకలాడిస్తూనే ఉన్నారు. అది లాక్కుంటే అన్నం మానేసేలా ఉన్నారు.

ఆ పూట టీ పట్టుకుని షాపులోకి దిగేసరికి మావారు కుర్చీ దూరంగా జరుపుకుని కంప్యూటరుకేసి భయంగా చూస్తున్నారు.

"విజయా, వైరస్సే! నేను ముట్టుకోకుండానే అక్షరాలు పడుతున్నాయి."

నిజమే. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీలో, పిల్లాడి బుగ్గ పక్కన, ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ అని ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటున్నాయి. టైపు ఇన్‌స్టిట్యూట్ గుమ్మం తొక్కిన ఎవరికైనా తెలిసిన మొదటి పాఠం. పైన టకటక.

"ఏవండీ, పాత కీబోర్డు కోసం కంప్యూటరుకి గుచ్చిన యూఎస్‌బీ ముక్క తీశారా?"

కంప్యూటరు వెనక చూశారు. కొత్తదాని ముక్క పక్కనే పాతదాని ముక్క, గోరంతది, బుద్ధిగా మినుకుమంటోంది. మావారికి అప్పుడు గుర్తొచ్చింది. నిన్న ఒక ఫ్లెక్సీలో మండవల్లి చేపల చెరువుల యాకోబు గారి పేరు కొట్టి టీకి వెళ్లారట. వచ్చి పేరు చివర ఏం పడిందో చూసుకోకుండా ప్రింటు తీసి పంపేశారట. అది ఈ పాటికి, ఇవాళే మొదలయ్యే కొత్త చర్చి గేటుకి కట్టేసి ఉంటుంది.

అంతలో యాకోబు గారే ఫోను. మావారు స్పీకరు నొక్కారు.

"అనిల్ బాబూ, నా పేరు చివర అదేదో కొట్టావేంటయ్యా?"

"అదీ... అది పొరపాటున..."

"పొరపాటేంటయ్యా! పాస్టరు గారు మైకులో రెండుసార్లు చదివారు. నన్ను తీసుకెళ్లి స్టేజీ మీద కూర్చోబెట్టారు. మా బావ విశ్వాసం, బి.ఏ. అని ఇన్నాళ్లూ నా మీద ఎగిరాడా, ఇప్పుడు నోరు పెగలట్లేదు. వాడికీ ఆ డిగ్రీ వేసి ఒకటి కొట్టాలంట. ఇంతకీ అదేం చదువో నాకు చెప్పి పుణ్యం కట్టుకో, అడుగుతున్నారు!"

"కనుక్కుని చెప్తానండీ," అని మావారు ఫోను పెట్టేశారు.

మధ్యాహ్నం కొరమీను పులుసు వడ్డిస్తుండగా ఆయన జరిగిందంతా చెప్పి చెయ్యి చాపారు. "ఆ కీబోర్డు ఇలా ఇచ్చెయ్యమ్మా. నీ వల్ల చేపల చెరువులాయన చదువుకున్నవాడైపోయాడు."

అత్తగారు ముద్ద కలపడం ఆపారు. "అంటే, నేను కొట్టింది నిజంగా పడిందా? తప్పులొచ్చాయా?"

"ఒక్కటీ లేదండీ," అన్నాను. తప్పుల విషయంలో నేను అబద్ధమాడను.

ఆవిడ ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టారు.

"అయితే విను అబ్బాయ్. రేపట్నుంచి షాపులో టైపు నేను కొడతాను, నువ్వు ఫొటోలు చూసుకో. యాకోబు గారికి ఇచ్చేసిన డిగ్రీ వెనక్కి అడగను, పాపం నలుగురిలో పరువు. విశ్వాసం గారికి మాత్రం పరీక్ష పెట్టందే ఇవ్వను."