జాడీలో ఊదిన మంత్రం

నేను ఒక ఆవకాయ జాడీని. పైసగం బెల్లం రంగు, కిందిసగం మీగడ రంగు, పొట్ట మీద ఒకచోట పెచ్చు లేచిన మచ్చ. అప్పుడే ముక్కు మూసుకోకండి. ముప్ఫై ఏళ్ళపాటు వెల్లుల్లినీ ఆవఘాటునీ కడుపున మోసినదాన్ని, వాసన రాకుండా మల్లెపూవులా ఉండమంటే ఎలా? మీరు అసహ్యించుకోవలసింది నా వాసనను కాదు. అదేమిటో చెబుతాను, విన్నాక తీరిగ్గా మూసుకోండి.

గూడూరు దగ్గర ఒక బట్టీలో కాలాను. నాకోసం మట్టి తవ్విన గొయ్యి ఎంత లోతంటే, పొద్దున్న దిగినవాడు పైకొచ్చేసరికి గడ్డం బొడ్డు దాకా పెరిగేది. పెళ్ళాం పోల్చుకోలేక "ఎవరు కావాలి తాతా?" అనేది. ఇక బట్టీ వేడి సంగతి చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో కోళ్ళు ఉడికిన గుడ్లే పెట్టేవి. నమ్మబుద్ధి కావడం లేదా? పరవాలేదు. ఇంకాసేపట్లో కోటు తొడుక్కున్న మనిషి ఒకడు వచ్చి ఇంతకు పదింతలు కోస్తాడు, దానికి జనం చప్పట్లు కొడతారు. నాది పాపం మట్టి కోత.

జాడీల బండి మీద ఎండుగడ్డిలో కూర్చుని గోదావరి దాటాను. రావులపాలెం అవతల ఒక ఊళ్ళో కాసులమ్మ అనే ఇల్లాలు బండి ఆపి, వేలు ముడిచి నా పొట్ట మీద టంగుమనిపించి, చెవి ఆనించి విని, "ఇది గుడి గంటలాగుంది, దీన్ని దింపు" అంది. పాత ఇత్తడి బిందె బండివాడికిచ్చి నన్ను వంటింటి మూలకు చేర్చింది. ఆ రోజు నుంచి ఏటేటా వేసంగిలో నా కడుపు నిండేది, మళ్ళీ వేసంగికి ఖాళీ అయ్యేది. కాసులమ్మ ఉప్పు గుప్పిట్లో పట్టి చూసి వేసేది. చెయ్యి మంచిదే. బుర్రే, పదిమంది ఇంటికొస్తే చాలు, దారి తప్పేది.

ఆవిడ కొడుకు గంగాధరం, ఎరువుల కొట్టులో గుమస్తా. అతనికి వరాలునిచ్చి పెళ్ళి చేశారు. కాపురానికొచ్చిన ఏడాది అత్తతో కలిసి ఆ పిల్ల కూడా నాలో చెయ్యి పెట్టి ముక్క కలిపింది. శ్రావణమాసంలో మూత తీసేసరికి పైన దూది పరిచినట్టు తెల్లగా బూజు.

కాసులమ్మ నా వంక చూడలేదు, గరిటె వంక చూడలేదు. కోడలి చేతి వంక చూసింది. "నీ సెయ్యి మంచిది కాదే పిల్లా. ఇంక పచ్చళ్ళ జోలికి రామాకు" అంది.

అసలు సంగతి నాకు తెలుసు. అంతకు వారం ముందు చుట్టాలొచ్చిన హడావిడిలో కాసులమ్మే మజ్జిగలో ముంచిన గరిటె తెచ్చి నాలో దింపింది. చెబుదామంటే నాకు మూతి ఉంది గానీ నాలుక లేదు. నాలుకలున్న మీరు ఇలాంటప్పుడు ఏపాటి చెబుతారో చూశాను గనక దానికి పెద్దగా సిగ్గుపడను.

పన్నెండేళ్ళు. వరాలు వండిన కూరలు తిన్నారు, ఉతికిన బట్టలు కట్టారు, పిండిన గేదె పాలు తాగారు. ఆ చెయ్యి అన్నిటికీ మంచిదే, నాకు తప్ప. పక్కింట్లో మామిడికాయలు కొడుతుంటే చూడ్డానికి వెళ్ళి, చేతులు కొంగులో చుట్టుకుని దూరంగా నిలబడేది. "రా, ముక్కలు తుడువు" అని పిలిస్తే, "వద్దులే పిన్నీ, నా సెయ్యి తగిలితే మీ ఏడాది పచ్చడి పోద్ది" అనేది. ఎవరూ అడగకుండానే. రోగం అంత లోపలికి దిగింది.

ఈ ఏడు కాసులమ్మ కుడి భుజం పట్టేసింది. చెయ్యి నెత్తి దాకా లేవదు. సరిగ్గా అదే వేసంగిలో ఊళ్ళో ఆడవాళ్ళ సంఘానికి హాస్టలు పచ్చళ్ళ పని వచ్చింది. సంఘం పెద్ద బుల్లెమ్మ, మీసం ఒక్కటే తక్కువ ఆవిడకి, వాకిట్లోకొచ్చి నిలబడింది.

"వరాలూ, ఇంకో మనిషి కావాలే. వత్తావా?"

"నా సెయ్యి సంగతి నీకు తెల్దా బుల్లెమ్మొదినా?"

"తెలుసు. అందుకే ఓ మాట. ఈ ఏడు మీ జాడీ నువ్వే పెట్టు. శ్రావణంలో వచ్చి మూత తీత్తాను. బాగుంటే పనిలోకి రా. లేపోతే ఇంక ఆ మాట ఎత్తను."

వరాలు ఆ రాత్రే కాదు, ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు. పని కావాలి ఆమెకు. పనికంటే ముందు, తన చెయ్యి తనకు కావాలి.

అప్పుడు గంగాధరం రంగంలోకి దిగాడు. రాజమండ్రి ఫంక్షను హాల్లో సంకల్పానంద్ సారు అనే ఆయన రెండు రోజుల క్లాసు పెట్టాడు: మనకు తెలియకుండా లోపల పనిచేసే అడుగు మనసులో పాతుకున్న నమ్మకాలు పీకి పారేసే విద్య. గంగాధరం వెళ్ళి, కళ్ళు మతాబుల్లా వెలిగించుకుని తిరిగొచ్చాడు. సారుకు చిన్నప్పుడు నత్తి ఉండేదట, అడుగు మనసుకు చెప్పుకుని వారంలో నత్తి పోగొట్టుకున్నాడట. ఆయన మాట విని బట్టతల మీద జుట్టు మొలిచినవాడు ఆ హాల్లోనే ఉన్నాడట. టోపీ మాత్రం తియ్యలేదట. నా కోళ్ళు ఉడికిన గుడ్లు పెట్టాయంటే మీరు నవ్వారు.

"ఏమే, నీ సెయ్యిలో ఏం లేదే. అంతా నీ అడుగు మైండులో ఉంది" అన్నాడు.

ఆ మాట వరకు బాగానే ఉందనుకున్నాను. తరవాత మొదలైంది. వరాలు మణికట్టుకు రబ్బరు బ్యాండు తగిలించాడు. చెడ్డ ఆలోచన వస్తే లాగి వదలాలి. రోజూ అద్దం ముందు నిలబడి "నా చెయ్యి అమృతం" అని ఇరవయ్యొక్కసార్లు అనాలి. నోటుబుక్కులో యాభై అయిదుసార్లు రాయాలి. గేదెకు కుడితి పెడుతూ, మణికట్టు కమిలిపోయి, ఆ పిల్ల ఏదీ కాదనకుండా చేసింది. పన్నెండేళ్ళ నుంచి చెప్పినట్టు వినడం అలవాటు మరి.

మామిడికాయలొచ్చిన రోజున ఏ మంత్రమూ లేకుండానే ఆమె నన్ను కడిగింది. మూడు రోజులు ఎండలో బోర్లించింది. ప్రతి ముక్కనూ పొడిగుడ్డతో తుడిచింది, టెంకకు అంటిన పొర గీకింది. ఉప్పు, కారం, ఆవపిండి కలిపి, నూనె ముక్క మునిగేదాకా పోసింది. మూడోనాడు తిరగకలిపినప్పుడు ఆ చెయ్యి నా అడుగు దాకా వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో అంత శుభ్రమైన చెయ్యి నాలోకి దిగలేదు. ఒట్టు.

వాసెన గుడ్డ కట్టి వదిలేసుంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ సారు చెప్పాడట, పని చేసే వస్తువుకు కూడా మంచిమాట వినిపించాలని. గంగాధరం ఒక కాగితం మీద "ఈ చెయ్యి అమృతం" అని పెద్దక్షరాలతో రాసి, దాన్ని నా మూతకు లోపలివైపు అంటించాడు. దేనితో అనుకున్నారు? రాత్రి మిగిలిన అన్నం మెతుకులతో. తరవాత నెల్లాళ్ళపాటు రోజుకు మూడుసార్లు, ముసురు పట్టినా వాన పడినా, వాసెన విప్పి, మూత తీసి, నా మూతి మీద తన మూతి పెట్టి అరిచేవాడు. "నా భార్య చెయ్యి అమృతం!" నోట్లో కిళ్ళీ. అమృతం సంగతి దేవుడెరుగు, తుంపర్లు మాత్రం వచ్చి నా నూనె మీద పడేవి. నాకు రెప్పలుంటే మూసుకునేదాన్ని. ఉన్నదల్లా నోరు, దాన్ని అతను తెరిచి పట్టుకున్నాడు.

నెల తిరిగాక వాసెన బిగించాడు, మళ్ళీ ఎవరూ విప్పలేదు. శ్రావణం వచ్చింది. మూత తీశారు. బూజు.

వరాలు గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. మంచంలోంచి కాసులమ్మ, "నే సెప్పలా?" అంది. నాకు కోపమొచ్చింది ఆవిడ మీద కాదు. ఆవిడది పాత పాట. గంగాధరం గడ్డం గోక్కుని, ఎంతో దయగా, "నీ అడుగు మైండు ఇంకా మారలేదే. పూర్తిగా నమ్మి సేసుండవు. నలబయ్యొక్క రోజుల క్లాసుంది, అందులో సేరతావా?" అన్నాడు.

తల్లి చెయ్యి మంచిది కాదంది. కొడుకు మనసు మంచిది కాదన్నాడు. చేతినైతే కొంగులో దాచుకోవచ్చు, మనసును ఎక్కడ దాచుకుంటుంది? నాలో పుట్టిన బూజు కంటే ఆ దయ నాకు రోత పుట్టించింది.

అతను కొట్టుకు వెళ్ళాక వరాలు లేచింది. పారబొయ్యడానికే నన్ను పెరట్లోకి ఈడ్చింది. వెలుగులో మూత చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. మూతకు అంటించిన మెతుకుల మీద పచ్చగా, వేలెడు మందాన బూజు. 'అమృతం' అన్న అక్షరాలకు మీసాలూ గడ్డాలూ మొలిచాయి. నాలోకి చూసింది. కాగితం నుంచి మెతుకులు రాలిన చోట మాత్రమే, అరచేతి మేర బూజు. పక్కన నూనె ఎర్రగా తేరుకుని ఉంది. పొడి గరిటెతో ఆ మేర లోతుగా, మంచిది కూడా పోతే పోనీ అన్నట్టు తీసి ఒక ఆకులో వేసి, అడుగు నుంచి ఒక ముక్క తీసి నాలుక మీద పెట్టుకుంది. నమిలింది. ఇంకోటి తీసుకుంది. మణికట్టుకున్న బ్యాండు లాగి తెంపి దొడ్లోకి విసిరేసింది.

బుల్లెమ్మ వచ్చేసరికి వరాలు ఏదీ దాచలేదు. తీసేసింది ఆ ఆకులో, మూత పక్కన, నేను ముందు.

"ఇది మా ఆయన పెట్టింది, ఇది నేను పెట్టింది. రెండూ సూడు వదినా."

బుల్లెమ్మ ముక్క కొరికి, టెంక చప్పరించి, మూత వంక చూసి పొట్ట పట్టుకు నవ్వింది. "రేపు ఏడింటికి రాయే. మీ ఆయన్ని మాత్రం తేకు."

కథ ఇక్కడ ఆగితే నేను ఇంత కడుపుమంటతో మాట్లాడేదాన్ని కాదు. వరాలు పచ్చడి సీసాల్లోకి తీసి, నన్ను కడిగి ఆరబెట్టింది. ఆమె పనికెళ్ళిన ఒకనాడు గంగాధరం నన్ను గోనెలో చుట్టి రాజమండ్రి తీసుకుపోయాడు. ఇప్పుడు నేను ఫంక్షను హాలు స్టేజీ మీద, ఎర్ర గుడ్డ పరిచిన బల్ల మీద, మెడలో బంతిపూల దండతో ఉన్నాను. గంగాధరం మైకులో, తన పద్ధతితో పెళ్ళాం చెయ్యి ఎలా అమృతమైందో చెప్పాడు. బూజు మాట చెప్పలేదు. కోటు తొడుక్కున్న సారు నా నెత్తి నిమిరాడు. చప్పట్లు. తరవాత జనం వరస కట్టారు, ఒక్కొక్కరూ వచ్చి తమ కోరిక నా నోట్లో చెప్పుకుని పోవడానికి. ఉద్యోగాలు, ప్రమోషన్లు, తుంపర్లు, దగ్గులు.

వరసలో పెద్దావిడ ఒకరు వచ్చారు. కోరిక చెప్పలేదు. నా మూతి దగ్గర వంగి వాసన చూశారు. "మంచి చెయ్యేనండీ. ఎవరు పెట్టారో ఆవిడ ఏరీ?"

గంగాధరం మైకు కిందికి దించి, "రాలేదండీ. తనకి తీరికెక్కడిదండీ, పనికెళ్ళింది" అన్నాడు.

పొద్దుటి నుంచీ ఆ స్టేజీ మీద నేను విన్న నిజం అదొక్కటే. ఆవిడ తలాడించి దిగిపోయారు. వెనకవాడు గొంతు సవరించుకుని నా మూతి మీద మూతి పెట్టాడు.