జడ వేసిన చేతులు

"ఈవిడే దొంగచాటుగా మగ హార్మోన్ వాడింది," అన్నాడు క్లినిక్ తరఫు లాయరు. "కండలు పెంచుకోవాలని సరదా. గొంతు పాడయ్యేసరికి నెపం మా మీదికి నెట్టింది."

కోర్టు హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె తల దించలేదు.

ఆమె రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివేది. ఆ గొంతు విని రైలు ఆలస్యాన్ని కూడా క్షమించేవాళ్ళుండేవారు. ఏడాది తిరక్కుండా అది కుండలోంచి వస్తున్నట్టు బొంగురుపోయింది. పై పెదవి మీద నూగు మొలిచింది. పరీక్ష చేస్తే ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే ఆ మగ హార్మోన్ ఆడవాళ్ళకు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు తేలింది. గొంతు ఇక వెనక్కి రాదని స్పెషలిస్టు చెప్పేశాడు. స్టేషన్ వాళ్ళు ఆమెను మైకు ముందునుంచి లేపి పార్సిల్ గదిలో కూర్చోబెట్టారు.

ఏ జాగ్రత్తా చెప్పకుండా క్లినిక్ రాసిచ్చిన హార్మోన్ జెల్ ఇంట్లో ఒకరు పూసుకుంటే తనకు అంటుకుందని ఆమె కేసు వేసింది. ఆ ఒకరెవరో మాత్రం చెప్పలేదు.

"ఎవరండీ ఆ మనిషి? రమ్మనండి!" లాయరు చేతులు చాచాడు. "లేని మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తారు?"

ఆ మనిషి చివరి బెంచీ మీదే ఉన్నాడు. ఆమె భర్త. ఊరంతా పహిల్వాన్ అనే పిలుస్తుంది. అతని వ్యాయామశాల గుమ్మం మీద పెద్దక్షరాల్లో ఉంటుంది: మందు లేదు, మాయ లేదు, చెమటే మా బలం. శిష్యులంతా పక్కనే కూర్చున్నారు.

విరామంలో వరండాలో అతన్ని ఆమె మేనత్త పట్టుకుంది. ఆమె తరఫు లాయరు ఆవిడే.

"అల్లుడూ, నువ్వు నోరు విప్పితేనే నేను ఆ క్లినిక్ డాక్టర్ని కదపగలను. లేకపోతే సాయంత్రానికి కేసు గోవిందా."

"అత్తయ్యా, గుమ్మం మీద అంత బోర్డు పెట్టుకుని... రేపు నా ముఖం ఎవడు చూస్తాడు?"

"ఇప్పుడు చూసి మురిసిపోతున్నార్లే!"

"ఆయన్ని వదిలెయ్యత్తా," అంది భార్య. "నా గొంతు ఎలాగూ పోయింది. ఆయన పరువు కూడా ఎందుకు?"

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. తిరిగి హాల్లోకి వచ్చాక పహిల్వాన్ బెంచీ మీద కూర్చోలేదు. నేరుగా బోనెక్కాడు.

"ఆ మందు నాది," అన్నాడు.

శిష్యుల వరస గతుక్కుమంది.

"నీరసంగా ఉంటోందని ఈ క్లినిక్‌కే వెళ్ళాను. మగతనం జారిపోతోందని భయపెట్టి ఆ జెల్ రాసిచ్చారు. మళ్ళీ ఒక్కసారి కూడా రక్తపరీక్ష చెయ్యలేదు. నా రక్తం చిక్కబడిందని, గుండెకి ప్రమాదమని వేరే డాక్టరు చెప్పాకే తెలిసింది."

"మరి మీ భార్యకెలా అంటింది?" అడిగింది మేనత్త.

"పొద్దున్నే పూసుకుని, ఆ చేతులతోనే తనకి జడ వేస్తాను. పెళ్ళయినప్పట్నుంచీ నేనే వేస్తాను. మెడ మీద చిక్కులు తీసి, పాయలు తీసి..."

హాలు గొల్లుమంది. ఒక శిష్యుడు బెంచీ చరిచి మరీ నవ్వాడు.

"నవ్వుకోండి," అన్నాడు పహిల్వాన్. "చేతులు కడుక్కోమని నాకెవరూ చెప్పలేదు. డాక్టరుగారు ఎలా చూపించారో అలాగే చేశాను."

తర్వాత క్లినిక్ డాక్టరు వచ్చాడు. తళతళలాడే కోటు, తగ్గని చిరునవ్వు. "అబద్ధం. ప్రతి పేషెంటుకీ నేనే స్వయంగా చేసి చూపిస్తాను. ఏ జాగ్రత్తా వదలను."

"అయితే మాకూ చూపించండి," అని మేనత్త మామూలు చర్మపు జెల్ సీసా అందించింది. "నేనే మీ పేషెంటుననుకోండి."

న్యాయమూర్తి తల ఊపారు. డాక్టరు హుషారుగా కోటు విప్పి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. అది అతనికి కొట్టిన పిండి. "ఇంత తీసుకుని, భుజం మీద ఇలా, గుండ్రంగా... చూశారా! ఇక యవ్వనం మీ ఇంట్లోనే!" అంటూ చొక్కా దించుకున్నాడు.

"అంతేనా?"

"అంతే! ఇంక హాయిగా మీ పని చూసుకోండి."

మేనత్త కళ్ళజోడు తీసింది. "కంట్లో ఏదో పడింది, కాస్త పట్టుకోండి." అతను అద్దాలు పట్టుకుని అందుకున్నాడు. ఆవిడ తీరిగ్గా కళ్ళు తుడుచుకుని, జోడు మళ్ళీ పెట్టుకుని న్యాయమూర్తి వైపు తిరిగింది.

"అయ్యా, మీరు నాకు కనపడటం లేదు. అద్దాల నిండా డాక్టరుగారి జెల్లే. నా కళ్ళజోడు కడుక్కుంటాను. ఆ పిల్ల గొంతు ఎక్కడ కడగమంటారు?"

డాక్టరు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. చిరునవ్వు ఎటుపోయిందో తెలియదు. "అభ్యంతరం!" అని అతని లాయరు లేచాడు గానీ, దేనికో చెప్పలేకపోయాడు. ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు.

తీర్పు రోజు న్యాయమూర్తి తిరుగులేకుండా చెప్పారు. తప్పు క్లినిక్‌దే. ఆమెకు జరిగిన నష్టానికి పరిహారం వాళ్ళే కట్టాలి. ఆమె మీద వేసిన నింద అక్కడే, అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. ఆ లాయరు లేచి, నేల చూపులు చూస్తూ క్షమాపణ చెప్పాడు.

బయట మెట్ల మీద శిష్యులు గుంపుగా అడ్డం నిలబడ్డారు. పహిల్వాన్ ఆగిపోయాడు. ఎగతాళికి సిద్ధపడి పళ్ళు బిగించాడు. ఆ రోజు బెంచీ చరిచిన శిష్యుడే ముందుకొచ్చాడు.

"మాస్టారూ," అన్నాడు గొంతు తగ్గించి. "మా ఆవిడకీ గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయి. సబ్బు పడలేదనుకుని సబ్బులు మారుస్తున్నాం."

"నువ్వు కూడానా?"

"అదే క్లినిక్. మీలా కండలు రావాలని..."

వెనకనుంచి ఇంకో చెయ్యి లేచింది. తర్వాత మరొకటి. మేనత్త కళ్ళు మెరిశాయి. "అల్లుడూ, నీ శిష్యులందరికీ నువ్వే దారి చూపించావయ్యా!"

పహిల్వాన్ భార్య అందరికంటే పై మెట్టు మీద నిలబడింది. మైకు లేదు. అవసరమూ లేదు. ఆ బొంగురు గొంతు రోడ్డు చివరిదాకా మోగింది.

"ముందు ఇంటికెళ్ళి చేతులు కడుక్కోండి. తర్వాత మీ ఆడవాళ్ళని తీసుకుని కేసు వెయ్యడానికి మా అత్త దగ్గరికి రండి. ఒక్కరు కూడా మానొద్దు!"

మెట్ల మీదున్న మగాళ్ళందరూ ఒక్కసారిగా చేతులు వెనక్కి పెట్టుకున్నారు.