బీమా అక్కర్లేని భాగస్వామి

ఒంటి చేత్తో దుప్పటి పిండాలంటే ఒక కొస కుళాయికి చుట్టి, రెండో కొస మెలిపెట్టాలి. ఆవిడ ఈ విద్య నేర్చుకుని మూడు నెలలైంది. కుడి మణికట్టు ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. ఆ వేళ్లు మంచినీళ్ల గ్లాసునైనా సరిగ్గా పట్టుకోవు. "యజమానిగారూ, కాఫీ దొరుకుతుందా?" అని ముందుగదిలోంచి మొగుడు కేకేశాడు. అత్తగారు కిసుక్కున నవ్వింది. ఏడాదిగా ఆ ఇంట్లో ఇదే హాస్యం. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఆయన టైల్స్ కాంట్రాక్టరు. కూలికి మనుషుల్ని పెట్టుకుంటే వాళ్లకి ప్రమాద బీమా కట్టాలి, లేకపోతే ఏ బిల్డరూ గడప తొక్కనివ్వడు. భాగస్వాములకైతే "మాకు బీమా అక్కర్లేదు" అని ఒక్క సంతకం చాలు. అందుకని పెళ్లాన్ని భాగస్వామిని చేశాడు. ఆవిడ పొయ్యి దగ్గరుంటే వచ్చి, సంతకం చోటు మాత్రమే కనపడేలా కాగితం మడిచి పట్టుకుని, "నిన్ను యజమానిని చేస్తున్నానే, సంతోషించు" అన్నాడు. సంతోషించింది! అది తలుచుకుంటేనే ఆవిడకి ఇప్పటికీ సిగ్గు. ఇరవై ఏళ్ల కాపురంలో ఇంటి మీద గానీ, కనీసం కరెంటు బిల్లు మీద గానీ తన పేరు లేదు. తడిచెయ్యి తుడుచుకుని, ముచ్చటపడి గుండ్రంగా రాసింది. మర్నాటి నుంచి ఇంటిపని ముగించుకుని టైల్స్ పెట్టెలు మోయడం, సందుల్లో సిమెంటు నింపడం, మోకాళ్ల మీద పాకుతూ నేల తుడవడం. జీతమా? యజమానికి జీతమేమిటి!

మూడో అంతస్తు మెట్ల మీద పెట్టెతో సహా జారింది. పరిహారం అడుగుదామని కార్మికుల బీమా ఆఫీసుకి వెళితే కౌంటర్లో ఉన్నావిడ కంప్యూటరు చూసి, "మీరు కూలీ కాదు కదమ్మా, భాగస్వామి. బీమా వద్దని మీరే రాసిచ్చారు" అంది. మెత్తగానే అంది పాపం. ఇంటికొచ్చి మొగుణ్ని అడిగింది, "భాగస్వామినైతే లాభంలో నా భాగమేదీ?" అని. "నువ్వు చేసిందేంటి, కాస్త చేతిసాయం. దానికీ వాటాలా?" అన్నాడు. దెబ్బ తగిలితే యజమాని, వాటా అడిగితే ఇల్లాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక వారం రోజులు గిన్నెల మీద తెచ్చుకుంది, అదీ ఎడం చేత్తోనే.

ఇవాళ కాఫీ తాగుతూ ఆయన మరో కాగితం తీశాడు. కొత్త బిల్డింగు, కొత్త సంతకం. ఈసారి పిలిచింది కూతుర్ని.

"పరీక్షలైపోయాయిగా. పద్దెనిమిది నిండాయి, నీ సంతకం చెల్లుతుంది. ఈ సెలవులకి నా చేతికింద ఉండు. ఇకనించి నువ్వే యజమానివి."

"నేనా నాన్నా?" పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ వెలుగేమిటో ఆవిడకి తెలుసు. గబగబా వచ్చి వంకర చేతిని కాగితం మీద పెట్టింది.

"ఆగవే తల్లీ. ముందు పైకి చదువు."

పిల్ల మడత విప్పింది. "పనిలో గాయపడినా, అంగవైకల్యం కలిగినా, మరణించినా పరిహారం కోరనని నా ఇష్టపూర్వకంగా..."

"అవన్నీ మామూలు రాతలే," అన్నాడు తండ్రి. "సంతకం లేకపోతే పని రాదు. పని రాకపోతే నీ కాలేజీ ఫీజు ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"మీ అమ్మ కింద చూసుకోక జారింది. నువ్వు చలాకీదానివి," అంది అత్తగారు.

"నాకేం కాదులే అమ్మా," అని పిల్ల ఆ చేతిని మెల్లగా పక్కకి జరిపి సంతకం పెట్టేసింది. ఆపడానికి ఆ చేతిలో బలం లేదు.

మర్నాడు పొద్దున్న తండ్రీకూతుళ్లతో సరుకు వ్యాను బయల్దేరబోతుంటే ఆవిడ వెనకవైపు ఎక్కి టైల్స్ పెట్టెల మధ్య కూర్చుంది. ఇంట్లో పొయ్యి వెలగలేదు.

"ఆ చేత్తో వచ్చి ఏం చేస్తావే?" అన్నాడు మొగుడు.

"ఏమీ చెయ్యను. అది పెట్టె మోస్తూ మెట్లెక్కినంతసేపూ, వెనకాల ఒక మెట్టు కింద నేనుంటాను."