సిద్దమ్మ ఇంటికి రెండు పాళ్లు

దానియేలు చేతిలో మొదట ఉన్నది పదకొండు హాలీ రూపాయలు. కందుకూరు అంగడిలో బెల్లం కొని ఇబ్రహీంపట్నంలో అమ్ముకుందామని దాచుకున్న డబ్బు. ఆ ఎండాకాలం దాన్నంతా కుమ్మరి దగ్గర మట్టి గొట్టాలు చేయించడానికి పెట్టాడు. గొట్టాల్లో వేసి పూడ్చాల్సింది వాడ మీదుగా ఠాణాకు పోయే టెలిఫోన్ తీగను.

వాడలో పొద్దు ఎప్పటిలాగే మొదలయ్యేది. ఆడవాళ్లు అలుకు చల్లేవాళ్లు, మగవాళ్లు వలలు భుజాన వేసుకుని పెద్దచెరువుకు పోయేవాళ్లు. తీగ కిందికి రాగానే మాత్రం అందరూ నోరు మూసుకునేవాళ్లు. ఆ తీగ కింద ఏ మాటన్నా అది పైకెక్కి కూర్చునేది. సాయంత్రం చల్లబడగానే అన్నవాళ్ల గొంతుతోనే దిగేది. కోడలు అత్తను తిట్టిన తిట్టు అత్త బువ్వ తినే వేళకు వినబడేది. స్తంభాలు నాటిన నాటి నుంచీ అంతే, దానికెవరూ ఆశ్చర్యపోలేదు. వానాకాలంలో ఇల్లు కురుస్తుంది, సాయంత్రం తీగ మాట్లాడుతుంది.

సర్కారు మీద తిరగబడి అడవి పట్టిన సంఘం వాళ్ల కోసం జవాన్లు వెతకడం మొదలయ్యాక అది తిప్పలయింది. జవాన్లు సాయంత్రాలు స్తంభాల కింద కూర్చుని చెవులు పెట్టేవాళ్లు. తీగను కోస్తే వాడను తగలబెడతారు. "కొయ్యొద్దు, పూడ్చుదాం" అన్నాడు దానియేలు. ఠాణా పెద్ద అమీన్ సాబ్ కూడా కాదనడని అతనికి తెలుసు. పై అధికారిని తాను తిట్టిన తిట్లు రోజూ ఠాణా గేటు ముందే వినబడుతుంటే ఆయనకూ తలకొట్టేసినట్టుండేది.

పని పంచుకోవడం చెరువు కాలువ పూడిక తీసినట్టే. ఇంట్లో ఎన్ని తలలు బువ్వ తింటే అన్ని పాళ్లు తవ్వాలి. ఆ లెక్కలో అబద్ధమాడితే చెరువు ఎండుతుందని పుట్టిన కాడి నుంచి వింటున్నవాళ్లు. కాగితం లేకుండా ఇంటింటి లెక్కా నోటి మీద పెట్టుకున్నాడు దానియేలు.

సిద్దమ్మ అతన్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరికేసింది.

"నాకు రెండు పాళ్లు పెట్టు బిడ్డా."

"ఒక్కదానివే గద పెద్దమ్మా?"

ఆమె అటక వైపు చూసింది. సంఘంలో చేరి అడవికి పోయిన కొడుకు యాదయ్య జ్వరంతో తిరిగొచ్చి అక్కడ పడుకున్నాడు.

"తినేది ఇద్దరం. తిండి తిని పాలు ఎగ్గొడితే ఎట్ల?" అంది.

మర్నాడు దానియేలు తీగ పూడ్చుకోవడానికి అనుమతి చిట్టీ కోసం ఠాణాకు పోయాడు. అమీన్ సాబ్ గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, పైన తీగ. వెట్టి చేసే బుగ్గయ్య ఆయన బూట్లు తుడిచి నీళ్లకు పోయాడు. దానియేలు పాళ్ల మొత్తం గడగడా అప్పజెప్పాడు. అమీన్ సాబ్ వాడ తలల లెక్క తెప్పించి చూసుకుని నవ్వాడు.

"ఒకటి ఎక్కువొచ్చింది గదరా. లెక్కల పోరడని పేరొకటి నీకు."

దానియేలుకు ఒళ్లు మండింది. ఏమన్నా పడతాడు గానీ లెక్క తప్పిందంటే పడడు.

"తప్పు కాదు సాబ్. సిద్దమ్మ ఇంటికి రెండు పాళ్లు."

మాట నోరు దాటాక గానీ తానేం బయటపెట్టాడో అతనికి తెలియలేదు.  అమీన్ సాబ్ చిట్టీ మీద సంతకం చేసి "షాబాష్" అన్నాడు.

తెల్లారేసరికి యాదయ్యను అటక మీది నుంచి దింపి తీసుకుపోయారు.

తవ్వకం ఆగలేదు. సిద్దమ్మ పార పట్టుకుని వచ్చింది. "ఇప్పుడు ఒక్క పాలు చాలు పెద్దమ్మా" అని ఎవరో అంటే, "ఒప్పుకున్నది ఒప్పుకున్నదే" అని రెండూ తవ్వింది. పట్నం నుంచి వచ్చిన టెలిఫోన్ మనిషి తీగను దించి గొట్టాల్లో వేశాడు. ప్రతి గొట్టం అతుకునూ దానియేలే తారుతో మెత్తాడు, మాట బయటికి రాకుండా. సిద్దమ్మ గుమ్మం ముందు మాత్రం నిలబడలేకపోయాడు. అక్కడి అతుకుకు తారు మెత్తకుండానే మట్టి లాగేసి ముందుకు పోయాడు.

ఎవరు చెప్పారని వాడ అడిగింది. ఠాణా గడపలో రోజూ ఉండేది బుగ్గయ్య. ఇంకెవరని అనుకున్నారు.

వానలు తగ్గుముఖం పట్టాక యూనియన్ మిలిటరీ వచ్చింది. అమీన్ సాబ్ రాత్రికి రాత్రే మాయమయ్యాడు. జైలు నుంచి కొందరొచ్చారు. యాదయ్య జ్వరంతో జైల్లోనే పోయాడన్న కబురు వాళ్లే తెచ్చారు. అప్పటి నుంచి బుగ్గయ్య ఇంటికి నిప్పు లేదు, బావి దగ్గర నీళ్లు లేవు. చివరికి వాడ కూడి, కుండా చట్టీ ఎత్తుకుని పొమ్మంది.

"చెప్పలేదంటే నమ్మరు మీరు. ఆయన బూట్లు తుడిచిన చేతులాయె" అన్నాడు బుగ్గయ్య. 

దానియేలు తల్లి సుసన్న కూడా ఆ గుంపులోనే నిలబడి ఊ అంది. దానియేలు ఆమె వెనక నిలబడి నేల చూశాడు.

బుగ్గయ్య పోవాల్సిన సాయంత్రం దానియేలు సిద్దమ్మ ఇంటి ముందు నుంచి తల వంచుకుని పోతున్నాడు. ఆమె ఎప్పటిలాగే గుమ్మం ముందు రోట్లో రోకలి వేస్తోంది. కొడుకు పోయినంక పిచ్చిదయింది, పొద్దుగూకితే దంచుతనే ఉంటది అని వాడ జాలిపడేది.

"ఆగు" అంది.

ఆగాడు. రోట్లోకి చూశాడు. జొన్న గింజ కూడా లేదు.

"ఉత్త రోలేంది పెద్దమ్మా?"

ఆమె రోకలి ఆపింది. రోలు కింద నుంచి, పొరుగింటికి వినబడనంత సన్నగా, అతని గొంతే వచ్చింది. *తప్పు కాదు సాబ్. సిద్దమ్మ ఇంటికి రెండు పాళ్లు.* లెక్క సరిపోయినందుకు ఆ గొంతులో ఉన్న మురిపెం కూడా అట్లనే ఉంది.

ఆమె మళ్లీ రోకలెత్తింది. 

"ఎన్నడు తెలిసింది?"

"పూడ్చిన నాటి మాపే. తీగల పడి ఉన్న నీ మాట ఈ అతుకు సందులకెల్లి వచ్చింది. రోలు జరిపి దాని మీద పెట్టిన."

"నన్నెందుకు కాపాడినవ్?"

"నిన్ను ఎవరు కాపాడిండ్రు?" సిద్దమ్మ అతని వైపు చూడలేదు. "నాకు పాలు పడకుంటే మా యాదయ్యకు సుసన్న ఇచ్చింది. నీతోపాటే తాగిండు వాడు. అది వింటే నీ అమ్మ బతుకుతదా అని దంచిన. రెక్కలు పోయినయి."

వాడ చివర కుండల చప్పుడు వినబడింది. బుగ్గయ్య పెళ్లాం నెత్తిన గంపతో ముందు నడుస్తోంది. బుగ్గయ్య చేతిలో చీపురూ, చెంబూ. వెనక సాగనంపడానికి వాడంతా. తిట్టేవాళ్లు తిడుతున్నారు. అందరి ముందు సుసన్న, కొంగు నడుముకు చుట్టుకుని.

సిద్దమ్మ రోకలిని గోడకు ఆనించింది.

"నాకింక శాతగాదు" అని గడప మీద కూర్చుంది. "నా పాలు నేను తవ్విన. రెండూ తవ్విన."

గుంపు దగ్గరికి వస్తోంది. తిట్ల చప్పుడులో రోలు కింది గొంతు ఎవరికీ వినబడదు. రోలు అక్కడే ఉంటే వాళ్లు ఇట్లనే దాటిపోతారు. బుగ్గయ్య కొంగరకలాన్ తోవ పడతాడు. వాడ నిద్రపోతుంది. దానియేలుకు ఆ లెక్క కూడా చప్పున తేలిపోయింది.

"ఏందిరా, ఈడ నిలబడ్డవ్?" అంది తల్లి, దగ్గరికొచ్చి.

"అమ్మా, జర ఆగు. అందరిని ఆపు. బుగ్గయ్య మామను గంప దించమను."

"ఎందుకు?"

 నేల అప్పుడే చల్లబడుతోంది. దానియేలు మోకాళ్ల మీద కూర్చుని రోలు అంచు కింద వేళ్లు దూర్చాడు.